నా ఒకే ఒక్క సవారీ

నేను పెళ్ళిలో కూడా గుర్రమెక్కలేదు. మా ఇళ్ళల్లో ఆ అలవాటు లేదు, ఉన్నా ఖర్చుకు మా మామగారు ఒప్పుకునేవారు కాదు. ఒక జంతువు వీపు మీద కూర్చుని నేను ఊరేగింది ఒకే ఒక్కసారి. 1976 ఎండాకాలంలో, పురానాపూల్ దగ్గర మా సందులో, గాడిద మీద. అంతా కలిపి వంద గజాలుంటుందేమో. ఆ వంద గజాలకు నేను తిన్న తిట్లు, నా నెత్తిన పోసిన నీళ్ళు, విన్న కథలు మాత్రం చాలానే ఉన్నాయి.

ముందు సందు సంగతి చెప్పాలి. మూసీ మీద 1578లో కుతుబ్‌షాహీల కాలంలో కట్టిన వంతెనే పురానాపూల్. దానికి ఇవతల, కార్వాన్ వైపు, మా తాత కట్టిన పెంకుటిల్లు మాది. సందు ఎంత వెడల్పంటే, రెండు సైకిళ్ళు ఎదురెదురుగా వస్తే ఒకాయన దిగి గోడకు అతుక్కోవాలి. రిక్షా కూడా సందు మొగలోనే ఆగేది. లోపలికి ఏ బరువు రావాలన్నా మనిషి నెత్తి మీదనో, గాడిద వీపు మీదనో రావాల్సిందే.

రోజూ కనిపించేది చాకలి తాత గాడిద. పొద్దున్నే ఇంటింటికీ తిరిగి బట్టలు మూట కట్టేవాడు. ఇంటికో గుర్తు. మాది రెండు చుక్కలు, కింద ఒక గీత. నల్ల జీడిగింజ రసంతో పెట్టేవాడు, చొక్కా చిరిగి పాతగుడ్డయినా ఆ గుర్తు పోయేది కాదు. నేను ఉద్యోగంలో చేరిన రోజు వేసుకున్న తెల్ల చొక్కా కాలర్ లోపల కూడా ఆ రెండు చుక్కలున్నాయి. మూటలు అటొకటి ఇటొకటి వేసి, పైన ఇంకో చిన్నది పెట్టి, వీపు మీద చరిచి "నడువ్" అనేవాడు. అంతే. తాత వెంట వెళ్ళేవాడు కాదు. బీడీ ముట్టించుకుని, రెండిళ్ళల్లో మాట్లాడి, తీరిగ్గా బయల్దేరేవాడు. గాడిద దాని పాటికది సందు దాటి, మలుపులో ఇరానీ హోటల్ ముందు ఒక నిమిషం ఆగి, ఎవరైనా పారేసిన బిస్కెట్ ముక్క దొరికితే తిని, మూసీ రేవుకు దిగేది. నేను నాలుగో క్లాసు చదివేటప్పుడు బడికి దారి తప్పాను గానీ, అది ఒక్కరోజూ రేవుకు దారి తప్పలేదు. ఈ పోలిక నాది కాదు, మా నాయనది.

రేవులో మూటలు దించగానే అది చేసే మొదటి పని పొర్లడం. ముందు మోకాళ్ళు వంచి, ఒక పక్కకు ఒరిగి, నాలుగు కాళ్ళూ ఆకాశంలోకి ఎత్తి, బూడిదరంగు దుమ్ములో అటూ ఇటూ దొర్లేది. వీపు మీద, భుజాల దగ్గర అడ్డంగా ఒక నల్ల చార ఉండేది. దుమ్ము పట్టాక ఆ చార మాయమయ్యేది. అప్పుడు లేచి ఒళ్ళు దులుపుకుంటే మళ్ళీ కనిపించేది. ఒక్క ఊపులో అటు నుంచి ఇటు దొర్లితే దాని ఒంట్లో బాగున్నట్టని తాత లెక్క. సగంలో ఆగిపోతే ఆ రోజు తక్కువ మూటలు వేసేవాడు. తర్వాత ముందుకాళ్ళకు బందం వేసి వదిలేస్తే, ఎగిరెగిరి గెంతుకుంటూ గట్టు మీద గడ్డి వెతుక్కునేది.

దాని ఓండ్ర గురించి చెప్పకపోతే మా నాయన ఆత్మ శాంతించదు. ఉదయం 7 గంటల 5 నిమిషాలకు ఢిల్లీ నుంచి రేడియోలో తెలుగు వార్తలు. "ఆకాశవాణి..." అనగానే మా గోడ అవతల ఇది మొదలుపెట్టేది. చాలా జంతువులు ఊపిరి వదిలేటప్పుడే అరుస్తాయి. గాడిద పీల్చేటప్పుడూ అరుస్తుంది, వదిలేటప్పుడూ అరుస్తుంది. అందుకే మధ్యలో సందు దొరకదు. ఎమర్జెన్సీ రోజుల్లో దేశంలో ఏం జరుగుతోందో మా ఇంట్లో సగమే తెలిసింది. ఆ రోజుల్లో మిగతా సగం రేడియోలో కూడా చెప్పేవాళ్ళు కాదనుకోండి.

మా నాయన తిట్లలో దానికి మెట్లుండేవి. ముద్దొస్తే "గాడిదా". ప్రోగ్రెస్ రిపోర్టు చూసినరోజు "అడ్డగాడిద". నిజంగా కోపమొస్తే "కంచర గాడిద". ఈ వరస తప్పని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. కంచర గాడిదకు తల్లి గుర్రం, తండ్రి గాడిద. బరువులు మోసే జంతువుల మీద కేంద్రం 1965లో చేసిన నియమాల్లో గాడిద వీపున 50 కిలోలు మించొద్దని ఉంటే, కంచర గాడిదకు 200 కిలోల దాకా ఒప్పుకున్నారు. సైన్యంలో కొండల మీదికి సామాన్లు చేరవేసేది అవే. కార్గిల్ యుద్ధంలోనూ మోశాయి. అంటే మా నాయన కోపం పెరిగేకొద్దీ నాకు ప్రమోషన్ ఇస్తూ పోయాడన్నమాట.

ఇక రెండో రకం, వడ్డెరవాళ్ళ గాడిదలు. ఇవి రోజూ వచ్చేవి కావు. ఎవరింట్లోనైనా గోడ లేస్తుంటేనో, మట్టి ఎత్తాల్సి వస్తేనో వచ్చేవి. 1976లో మా ఇంటి మీద ఒక గది వేశారు. ఇసుక లారీ, కంకర లారీ రెండూ సందు మొగలోనే ఆగిపోయాయి. అక్కడి నుంచి మా గుమ్మం దాకా మోయడానికి ఆరు గాడిదలను తోలుకొచ్చారు భార్యాభర్తలిద్దరు. గాడిద మోతకు ఇన్ని పైసలని బేరం.

వీపు మీద ముందు పాత బొంత, దాని మీద రెండు నోళ్ళ గోనె. మా నానమ్మ దాన్ని కంట్లం అనేది. ఎద్దుల మీద ధాన్యం తెచ్చే రోజుల నాటి మాట అది. అటు నాలుగు తట్టలు, ఇటు నాలుగు తట్టలు. ఒక పక్క ఒక్క తట్ట ఎక్కువైనా గాడిద కదిలేది కాదు, చెవులు వెనక్కి పెట్టి నిలబడిపోయేది. దాన్నే మనం మొండితనం అంటాం. భయమేస్తే గుర్రం పరిగెడుతుంది, గాడిద ఆగి ఆలోచిస్తుంది. మా గుమ్మం ముందుకొచ్చాక ఆయన ఒక పక్క, ఆమె ఒక పక్క నిలబడి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఒకేసారి గోనె ఎత్తి కుమ్మరించేవాళ్ళు. ఒకరు ఆలస్యం చేస్తే బరువంతా ఒకవైపు ఒరిగి గాడిద పడిపోతుంది. మాటలేం ఉండేవి కావు. చూపుతోనే లెక్క. ఖాళీ కాగానే గాడిద తనే వెనక్కి తిరిగి లారీ దగ్గరికి నడిచేది.

మోతలు లెక్కపెట్టే ఉద్యోగం నాకిచ్చాడు మా నాయన. జీతం ఒక ఐస్‌ఫ్రూట్. గాడిద వచ్చినప్పుడల్లా ఖాళీ డాల్డా డబ్బాలో ఒక కంకర పీసు వెయ్యాలి. అరవై దాకా ఉద్యోగం నిజాయితీగానే చేశాను. ఆ తర్వాత నా చూపు ఖాళీగా వెళ్తున్న గాడిదల మీద పడింది. వడ్డెరాయన కనిపెట్టాడు.

"ఎక్కుతవా పోరగా?"

ఎక్కాను. ఎక్కి, సినిమాల్లో గుర్రమెక్కినట్టు నడిమధ్యలో కూర్చున్నాను.

"ఆడ గాదు. ఎన్కకు జరుగు. పిర్రల మీద గూసో. నడుమ గూసుంటే దాని ఎన్ను గుంజుతది."

వెనక్కి జరిగాను. ముందుకు చూస్తే రెండు పొడవాటి చెవులు, వాటి మధ్యలోంచి మా సందు. రోజూ చూసే సందే, కిటికీల ఎత్తు నుంచి చూస్తుంటే ఎవరిదో ఊరనిపించింది. గాడిద నడకలో ఊపు ఉండదు, టకటకమని చిన్న చిన్న అడుగులు. గోనె ఉప్పు వాసన, తడి ఇసుక చల్లదనం, కింద దాని ఒంటి వెచ్చదనం. నేను తోలలేదు, ఆపలేదు. అది ఎటు పోవాలో దానికి తెలుసు, నేను మోతలో భాగం అంతే. లారీ దగ్గర ఆగింది. దిగాను.

తిరిగి వచ్చేసరికి వేరే గాడిద ఒకటి డాల్డా డబ్బాను తన్నేసి ఉంది. అరవై పీసులూ వెళ్ళి పక్కనే పోసిన కంకర కుప్పలో కలిసిపోయాయి. సాయంత్రం మా నాయన ఆఫీసు నుంచి రాగానే అడిగాడు.

"లెక్కేదిరా?"

"కంకర పీసుల్ల కలిసిపోయింది నాయనా."

"గాడిద గుడ్డు!" అన్నాడు మా నాయన. వెంటనే ఎదురింటి అరుగు మీది నుంచి ఎవరో "కంకర పీసు!" అని అందుకున్నారు. సందు సందంతా నవ్వింది. ఆ తర్వాత రెండేళ్ళు ఆ బస్తీలో నా పేరు కంకర పీసు.

వడ్డెరాయన భార్య మాత్రం మా గోడ మీద బొగ్గుతో గీతలు గీసుకుంది, అయిదుకో అడ్డగీత. 148. మా నాయన ఆ గీతలు చూశాడు, ఇసుక కుప్ప చుట్టూ ఒకసారి తిరిగాడు, ఏమీ మాట్లాడకుండా డబ్బులిచ్చాడు. ఆ బొగ్గు గీతలు సున్నం వేసేదాకా మా గోడ మీదే ఉన్నాయి.

అసలు పూజ తర్వాత జరిగింది. నేను గాడిదెక్కానని మా నానమ్మకు ఎవరో చేరవేశారు. గుమ్మం దాటనివ్వలేదు. నూతి దగ్గర నిలబెట్టి ఆరు బిందెలు గుమ్మరించింది. ఎండాకాలం గనుక బతికిపోయాను.

"తప్పు చేసినోన్ని సున్నం బొట్లు వెట్టి గాడిద మీద ఊరేగిస్తర్రా. నువ్వేం దొంగతనం జేసినవని ఎక్కినవ్?"

అప్పటిదాకా నాకు తెలియదు, గాడిదెక్కడం ఒక శిక్ష అని. గుండు గీసి, మెడలో చెప్పుల దండ వేసి, ఊళ్ళో తిప్పేవాళ్ళట. రాత్రి పడుకునేటప్పుడు కోపం తగ్గి కథ చెప్పింది. చెరసాలలో దేవకికి బిడ్డ పుట్టినప్పుడల్లా ఒక గాడిద ఓండ్ర పెట్టి కంసుడికి తెలిసేలా చేసేది. కృష్ణుడు పుట్టిన రాత్రి వసుదేవుడు వెళ్ళి దాని కాళ్ళు పట్టుకుని, ఇవాళ్టికి అరవకమ్మా అని బతిమాలాడు. అంతటివాడే గాడిద కాళ్ళు పట్టుకున్నాడని సామెత. నాకు అనుమానం వచ్చింది.

"వసుదేవుడు కాళ్ళు వట్టుకుంటే తప్పు లేదు గని నేనెక్కితే తప్పా నానమ్మా?"

"వట్టుకున్నడు గని, ఎక్కిండా?"

దానికి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

మర్నాడు సందు మొగలో గడియారాలు బాగుచేసే చాచా నన్ను చూసి లేచి సలాం కొట్టాడు. "గధే పే బైఠే! ముబారక్!" మొదట ఎగతాళి అనుకున్నాను. కాదు. ముల్లా నస్రుద్దీన్ ఎప్పుడూ గాడిద మీదే తిరిగేవాడట. ఒకసారి వెనక్కి తిరిగి కూర్చుని పోతుంటే జనం నవ్వారు. నేను సరిగ్గానే కూర్చున్నాను, గాడిదే అటు తిరిగి నిలబడింది అన్నాడట. "మా పైగంబర్ సాబ్ కూడా గధే మీద సవారీ చేసిండు బేటా, దాంట్ల షరం ఏముంది?" అన్నాడు చాచా, కంటికి పెట్టుకున్న భూతద్దం తీయకుండానే.

సెలవులయ్యాక బడిలో మా టీచరమ్మ ముందు ఈ గొడవంతా పెట్టాను. ఆవిడ ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళేది. మట్టల ఆదివారం ఎందుకొస్తుందో చెప్పింది. యేసు యెరూషలేములోకి వచ్చింది గాడిద పిల్ల మీద, జనం దారిలో కొమ్మలు పరిచారు, అంది. యుద్ధానికి వచ్చే రాజు గుర్రమెక్కుతాడు, శాంతికి వచ్చేవాడు గాడిదెక్కుతాడు అంది. ఒకే సవారీ, మా ఇంట్లో పాపం, చాచా దుకాణంలో సలాం, బడిలో ప్రభువు. పదేళ్ళవాడికి ఇంతకంటే టెన్షన్ ఏం కావాలి?

ఆ ముడి నాలో అలాగే ఉండిపోయింది. రిటైరయ్యాక తీరుబడి దొరికింది, అఫ్జల్‌గంజ్ లైబ్రరీలో కూర్చుని, తర్వాత ఫోన్లో, దొరికిందల్లా చదివాను. చదివేకొద్దీ మా నానమ్మ మీద కేసు బలపడింది.

గాడిద మనిషి దగ్గరికొచ్చింది తూర్పు ఆఫ్రికాలో, సుమారు 7000 ఏళ్ళ కింద. 2022లో జన్యువులు పరిశీలించి శాస్త్రవేత్తలు తేల్చిన మాట ఇది. ఈజిప్టులో అబిడోస్ అనే చోట తొలినాటి రాజు సమాధి మందిరం పక్కన పది గాడిదల అస్థిపంజరాలు బయటపడ్డాయి. 5000 ఏళ్ళ నాటివి. వాటిని కూడా గదులు కట్టి మర్యాదగా పాతిపెట్టారు. వెన్నెముకలు చూస్తే బరువులు మోసి మోసి అరిగిపోయి ఉన్నాయి. రాజు పక్కన నిద్రపోయినా వీపు మాత్రం కూలివాడి వీపే.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది అస్సూరు వర్తకుల సంగతి. ఇప్పటి ఇరాక్‌లో ఉన్న అస్సూరు నగరం నుంచి ఇప్పటి టర్కీలోని కానెష్ దాకా, క్రీ.పూ. 1900 ప్రాంతంలో, గాడిదల బిడారులు నడిచాయి. వెయ్యి కిలోమీటర్ల దారి, ఆరు వారాల నడక. మోసింది తగరం, ఉన్ని బట్టలు. ఆ లెక్కలన్నీ మట్టి పలకల మీద రాసుకున్నారు, వేల పలకలు దొరికాయి. గాడిదకు తగరం 65 కిలోల చొప్పున, అటొక మూట, ఇటొక మూట, పైన ఇంకో చిన్న మూట. చాకలి తాత కట్టినట్టే! అక్కడికి చేరాక చాలా గాడిదలను కూడా అమ్మేసేవారు. మా బస్తీ పేరు కార్వాన్ కదా, అంటే బిడారు. గోల్కొండకు సరుకు తెచ్చిన వర్తకులు దిగిన చోటు. చిన్నప్పుడు ఆ పేరును బస్సు బోర్డు మీద తప్ప ఇంకోలా చూడలేదు నేను.

ఇంకొకటి. ఇప్పటి సిరియాలో ఉన్న మారి అనే రాజ్యంలో జిమ్రీలిమ్ అనే రాజుకు, క్రీ.పూ. 18వ శతాబ్దంలో, ఒక అధికారి రాసిన ఉత్తరం ఉంది. ప్రభువులు గుర్రాలు ఎక్కకండి, కంచర గాడిదలతో వెళ్ళండి, మీ హోదాను కాపాడుకోండి అని దాని సారం. గుర్రమెక్కితే పరువు పోతుందన్నమాట! పైగా ఈజిప్టు బొమ్మల్లో తొలినాటి గుర్రపు రౌతులు కూడా బాగా వెనక్కి, పిర్రల మీద కూర్చుని ఉంటారు. గాడిద మీద నేర్చుకున్న కూర్చోవడం అది. "ఎన్కకు జరుగు" అన్న వడ్డెరాయన గొంతు లైబ్రరీలో నా చెవిలో వినిపించింది.

మన దగ్గర కూడా మొదటి నుంచీ ఇంత చిన్నచూపు లేదు. అశ్వినీ దేవతల రథానికి గాడిదలను కూడా కట్టేవారు. పేరులో అశ్వం ఉన్నా బండికి గాడిద! ఐతరేయ బ్రాహ్మణంలో ఉంది, దేవతల పందెంలో అశ్వినులు గాడిదల రథం మీదే గెలిచారు. అంత పరిగెత్తినందుకు గాడిద వేగం పోయింది, పాలు కూడా ఎండిపోయాయి అని ఆ కథ. ఉత్తరాదిన మశూచి తల్లి శీతలాదేవికీ అదే వాహనం. మరి ఊరేగింపు శిక్షలోకి ఎప్పుడు దిగింది? నాకనిపించేదేమిటంటే, దాన్ని నమ్ముకున్నవాళ్ళను ఎప్పుడు ఊరి చివరకు నెట్టామో అప్పుడే గాడిద కూడా వాళ్ళతోపాటు వెళ్ళిపోయింది. బట్టలుతికేవాళ్ళు, మట్టి మోసేవాళ్ళు, కుండలు చేసేవాళ్ళు. నానమ్మ పోసిన ఆరు బిందెలు గాడిద వాసన వదిలించడానికేనా అని ఇప్పుడు అనుమానం.

చాకలి తాత కొడుకు ఇస్త్రీ బండి పెట్టుకున్నాడు. మనవడు ఇప్పుడు ఫోన్లో ఆర్డరు తీసుకుని స్కూటర్ మీద బట్టలు పట్టుకెళ్తాడు, గుర్తు బదులు స్టిక్కరు. మూసీ నీళ్ళల్లో చెయ్యి పెట్టేవాళ్ళే లేరు. ఇసుకకు ట్రాలీ ఆటోలొచ్చాయి, మా సందునే వెడల్పు చేశారు. 2012 పశుగణనలో దేశంలో 3 లక్షల 20 వేలున్న గాడిదలు 2019 నాటికి లక్షా 24 వేలకు పడిపోయాయి, ఏడేళ్ళలో 61 శాతం. పనిలేక తగ్గాయనుకుంటాం గానీ అదొక్కటే కాదు. కోస్తా జిల్లాల్లో బలమని మాంసానికి కోశారు, ఆహార చట్టం ప్రకారం గాడిద తినే జంతువే కాకపోయినా. చైనాలో గాడిద చర్మం ఉడికించి మందు చేస్తారు, దానికోసం ప్రపంచమంతా వేట.

అయినా మొన్న అత్తాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ కింద ఓ కేక వినిపించింది. "గాడిద పాలూ... గాడిద పాలమ్మా..."

మా మనవరాలు నాకంటే ముందు లిఫ్ట్ దగ్గరుంది. కింద ఒక ఆడమనిషి, ఆమె వెనక ఒక గాడిద, దాని పక్కన చెవులు తప్ప ఇంకేం లేనట్టున్న పిల్ల. పక్క బ్లాకులో ఎవరింట్లోనో మూడు నెలల పాప, దగ్గు. వాళ్ళ అమ్మమ్మ పిలిచింది. పాలామె గాడిద పిల్లను ఒక్క గుక్క తాగనిచ్చి, పక్కకు లాగి, ఉగ్గుగిన్నె అంత గిన్నెలోకి కళ్ళముందే పిండింది. వంద రూపాయలు. కడివెడున్నా ఎందుకని బడిలో పద్యం నేర్చుకున్న పాలు! రోమ్‌లో నీరో చక్రవర్తి భార్య స్నానానికి 500 ఆడ గాడిదలను వెంట తిప్పుకునేదట, ఇప్పుడు సబ్బుల్లో కూడా వేస్తున్నారు. పచ్చిపాలు పసిపిల్లలకు పట్టొద్దని మా పిల్లల డాక్టరు గట్టిగా చెప్పిన మాట ఆ అమ్మమ్మ చెవిన వేశాను. "మా పిల్లలందరికీ పట్టినం" అంది ఆవిడ. కాచైనా పట్టండి అన్నాను. నా మాట వినలేదు.

"ఎక్కొచ్చా తాతా?" అంది మా మనవరాలు.

"పాలిచ్చేదాన్ని ఎక్కరమ్మా," అంది ఆ పాలామె, నేను నోరు తెరిచేలోపే.

పక్క ప్లాటులో బిల్డింగ్ లేస్తోంది. గేటు ముందు లారీ దింపిన రోబో శాండ్ కుప్ప. గాడిద దాన్ని అప్పటికి రెండుసార్లు చూసింది. ఆమె తాడు వదిలేసి, "జరసేపు పొర్లనియ్యుండ్రి సార్, పొద్దటి సంది నడుస్తున్నది," అంది. వాచ్‌మన్ కర్ర పట్టుకుని లేచాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను. ముందు మోకాళ్ళు వంచింది, ఒక పక్కకు ఒరిగింది, నాలుగు కాళ్ళూ పైకి లేచాయి. ఒక్క ఊపులో అటు నుంచి ఇటు దొర్లింది. వీపు మీది నల్ల చార బూడిదలో కలిసిపోయింది. లేచి ఒళ్ళు దులుపుకుని, ఆమె పిలవకముందే తర్వాతి గేటు వైపు నడిచింది. పిల్ల మాత్రం ఇంకా ఆ ఇసుకనే వాసన చూస్తోంది.